52లోంచి 27 తీస్తే 35 ఎలా వచ్చింది?

ఒక పాప 52లోంచి 27 తీసేసి 35 అని రాసిందనుకోండి. సరైన జవాబు 25. దిద్దేవాళ్లు ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన 25 వేసి, తర్వాతి లెక్కకు వెళ్లిపోతారు. ఆ 35 మాత్రం గాల్లోంచి ఊడిపడలేదు. ఒకట్ల స్థానంలో పైన 2, కింద 7 ఉన్నాయి. రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని పాప ఏడులోంచి రెండు తీసేసింది. 5 వచ్చింది. పదుల స్థానంలో 5లోంచి 2 పోతే 3. మొత్తం 35. ఎప్పుడూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలి అని ఆమె ఒక నియమం పెట్టుకుంది, దాన్ని పొల్లుపోకుండా పాటించింది. ఆ నియమమే తప్పు.

పక్క బెంచీ మీద అబ్బాయి కూడా 35 అనే రాశాడు. అయితే ఇతను చేసింది వేరు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకుని 12లోంచి 7 తీసేశాడు, 5 వచ్చింది. అంతవరకూ బాగానే ఉంది. అప్పిచ్చిన 5ను 4 చేయడం మర్చిపోయాడు. 5లోంచి 2 పోతే 3. మళ్లీ అదే 35.

జవాబు ఒకటే, రోగాలు రెండు. పాపకు అప్పు తెచ్చుకోవడం అంటే ఏమిటో మొదటినుంచీ చెప్పాలి. అబ్బాయికి "అప్పిచ్చిన అంకె దగ్గర ఒకటి తగ్గాలి కదరా" అంటే సరిపోతుంది. ఎవరికి ఏ మందు వేయాలో తెలియాలంటే ఇంకో లెక్క ఇవ్వాలి. అది కూడా ఆలోచించి ఇవ్వాలి. 81లోంచి 46 తీయమంటే ఏం లాభం లేదు, ఇద్దరూ 45 అనే రాస్తారు. 71లోంచి 43 తీయమనండి. సరైన జవాబు 28. పాపకు 32 వస్తుంది, అబ్బాయికి 38 వస్తుంది. ఇద్దరూ దొరికిపోయారు.

కంప్యూటర్ చేత చదువు చెప్పించాలన్న ప్రయత్నాల్లో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఈ నాడి పట్టే పనే. పాఠం వినిపించడం, ప్రశ్న అడగడం, జవాబు సరిచూడడం యంత్రానికి కష్టమేం కాదు. ఎదుటి మనిషి తలలో ఏం నడుస్తోందో ఊహించడం కష్టం. 'ఇంటెలిజెంట్ ట్యూటరింగ్ సిస్టమ్' అనే పెద్ద పేరులో ఇంటెలిజెంట్ అన్న మాట ఉన్నది దానికోసమే.

మొదటి బోధనా యంత్రాలకు ఆ బాధ లేదు. 1920ల్లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ సైకాలజిస్టు సిడ్నీ ప్రెస్సీ ఒక పెట్టె తయారుచేశాడు. చిన్న కిటికీలో ప్రశ్న కనిపిస్తుంది, నాలుగు మీటల్లో ఒకటి నొక్కాలి. సరైనది నొక్కేదాకా తర్వాతి ప్రశ్న రాదు. కావాలంటే, తగినన్ని సరైన జవాబులు చెప్పాక ఒక చాక్లెట్ బయటికొచ్చే ఏర్పాటు కూడా పెట్టుకోవచ్చు. 1953లో హార్వర్డ్ ప్రొఫెసర్ బి.ఎఫ్. స్కిన్నర్ తన కూతురి లెక్కల క్లాసులో కూర్చుని చూశాడు. త్వరగా చేసేసిన పిల్లలు ఊరికే కూర్చున్నారు, రానివాళ్లు అవస్థ పడుతున్నారు, ఎవరిది తప్పో ఎవరిది ఒప్పో అక్కడికక్కడే చెప్పేవాళ్లు లేరు. ఆ మరుసటి ఏడాదికల్లా ఆయన యంత్రం తయారైంది. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా కోసి, పిల్లలు దాదాపు తప్పే చేయకుండా నడిపించాలన్నది స్కిన్నర్ పద్ధతి. అంటే ఆయన లెక్కలో తప్పు అనేది రాకుండా జాగ్రత్తపడాల్సిన వస్తువు. అందులోంచి నేర్చుకోవాల్సింది ఏమైనా ఉండొచ్చన్న ఆలోచన ఆ పెట్టెలో ఎక్కడా లేదు.

ఆ ఆలోచన రావడానికి ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది. 1970లో జైమీ కార్బొనెల్ తయారుచేసిన స్కాలర్ అనే ప్రోగ్రామ్ దక్షిణ అమెరికా భూగోళం మీద విద్యార్థిని ప్రశ్నలు అడిగేది, విద్యార్థి తిరిగి అడిగితే జవాబూ చెప్పేది. అప్పటికది పెద్ద అడుగు. అసలు మలుపు మాత్రం 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ ప్రచురించిన పరిశోధన అని నేననుకుంటాను. పిల్లలు తీసివేతల్లో చేసే తప్పుల్ని వాళ్లు కంప్యూటర్ ప్రోగ్రామ్‌లలో వచ్చే బగ్‌లలాగా చూశారు. పిల్లల దగ్గర పద్ధతి లేకపోవడం కాదు, ఉన్న పద్ధతిలో ఒక మెలిక తేడాగా ఉంది. అలాంటి మెలికల్ని పెద్ద జాబితాగా రాశారు. మన పాపదీ అబ్బాయిదీ ఆ జాబితాలోవే. ప్రోగ్రామ్ పేరు 'బగ్గీ'. దానితో ఒక ఆట కూడా ఉండేది. కంప్యూటర్ తప్పులు చేసే విద్యార్థి వేషం కడుతుంది, టీచరు కాబోయేవాళ్లు లెక్క మీద లెక్క ఇస్తూ దాని బగ్ ఏమిటో కనిపెట్టాలి. యంత్రం పాఠం చెప్పడం కాకుండా పాఠం తప్పుగా అప్పజెప్పడం, అది చూసి మనిషి నేర్చుకోవడం! ఇంత చక్కటి ఆలోచన ఈ రంగంలో మళ్లీ నాకు కనిపించలేదు.

అయితే చక్కగా ఉన్నంత మాత్రాన పని జరగాలని లేదు. అదే పిల్లల్ని కొద్దిరోజుల తర్వాత మళ్లీ పరీక్షిస్తే చాలామందిలో బగ్ మారిపోయి కనిపించింది. నిన్న ఒక అడ్డదారి, ఇవాళ ఇంకోటి. దారి తెలియనప్పుడు అప్పటికప్పుడు ఏదో ఒకటి చేసి గట్టెక్కుతున్నారన్నమాట. 1989లో డెరెక్ స్లీమన్, ఆయన తోటివాళ్లు ఆల్జీబ్రాలో ఇంకో పరీక్ష పెట్టారు. కొందరు విద్యార్థులకు "నువ్వు చేసిన పద్ధతి ఇది, ఇందుకు తప్పు" అని విడమర్చి చెప్పారు. ఇంకొందరికి వాళ్ల తప్పు జోలికి పోకుండా సరైన పద్ధతి మళ్లీ చెప్పారు. రెండు గుంపులూ బాగుపడ్డాయి, ఇంచుమించు ఒకేలా. నాడి పట్టినందుకు అదనపు ఫలం కనిపించలేదు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు నీరసం వచ్చిన మాట నిజం.

ఈలోగా కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో జాన్ ఆండర్సన్ బృందం ఇంకో దారి పట్టింది. తప్పు చేశాక దాని మూలం వెతకడం కంటే, చేస్తున్నప్పుడే పక్కన నడుద్దాం అనుకున్నారు. స్టెప్ మార్కులు వేసే టీచరును గుర్తు తెచ్చుకోండి, దాదాపు అలాంటిదే. లెక్క చేయడానికి కావాల్సిన చిన్న చిన్న నియమాలన్నీ, వాటితోపాటు తరచూ దొర్లే తప్పుడు నియమాలు కొన్ని, కంప్యూటర్‌లో ఉంటాయి. విద్యార్థి ఒక్కో వరుస రాస్తుంటే అది ఏ నియమం వల్ల వచ్చిందో యంత్రం పోల్చి చూస్తుంది. దారి తప్పిన వరుస దగ్గరే ఆపుతుంది. 1980ల్లో లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషకు, రేఖాగణితానికి ఇలాంటి ట్యూటర్లు వచ్చాయి. 1990ల్లో ఆల్జీబ్రా ట్యూటర్ పిట్స్‌బర్గ్ హైస్కూళ్లలోకి వెళ్లింది.

1995లో ఆల్బర్ట్ కార్బెట్, ఆండర్సన్ కలిసి దీనికి ఒక సంభావ్యత లెక్క జోడించారు. ఇప్పటికీ వాడుకలో ఉన్న లెక్క, పైగా కాగితం మీద చేసుకోగలిగింది. ఒక నైపుణ్యం, ఉదాహరణకు అప్పు తెచ్చుకోవడం, విద్యార్థికి వచ్చి ఉండే అవకాశం 40 శాతం అని యంత్రం అనుకుంటోందని పెట్టుకుందాం. రాకపోయినా గుడ్డిగా సరైన జవాబు రాసే అవకాశం 20 శాతం. వచ్చినా పొరపాటున తప్పు రాసే అవకాశం 10 శాతం. ఇప్పుడు జవాబు సరిగ్గా వచ్చింది. వచ్చి రాయడానికి అవకాశం 0.4 × 0.9, అంటే 0.36. రాకుండానే తగలడానికి 0.6 × 0.2, అంటే 0.12. రెండూ కలిపితే 0.48, అందులో 0.36 అంటే 75 శాతం. ఒక్క లెక్కతో నమ్మకం 40 నుంచి 75కు ఎగబాకింది. ఈ లెక్క చేస్తుండగానే నేర్చుకుని ఉండే అవకాశం 20 శాతం అనుకుని, మిగిలిన 25లో 20 శాతం, అంటే 5, కలిపితే 80. రెండో జవాబు కూడా సరైతే 95 దాటుతుంది, ఇక ఈ నైపుణ్యం వచ్చేసిందని యంత్రం ముందుకు పంపుతుంది. మొదటి జవాబే తప్పైతే ఆ 40 కాస్తా 8 దగ్గరికి పడిపోయి, నేర్చుకునే అవకాశం కలిపాక 26 దగ్గర నిలుస్తుంది.

ఇక్కడ ఒకటి గమనించారా? ఈ లెక్కకు 35 ఎందుకొచ్చిందో అక్కర్లేదు. వచ్చా, రాదా, అంతే కావాలి. మన పాపా అబ్బాయీ దీనికి ఒక్కటే. నాకిది కొంచెం వెలితిగానే ఉంటుంది కానీ, వేలమంది పిల్లలకు ఎవరికి ఇంకా అభ్యాసం కావాలో, ఎవరికి అక్కర్లేదో తేల్చడానికి ఇది బాగా పనికొచ్చింది.

ఇంతకీ యంత్రం చెబితే చదువు వస్తుందా? 1984లో విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ ఒక సంచలన లెక్క చెప్పాడు. మామూలు తరగతిలో సగటు విద్యార్థికి ఒంటరిగా ట్యూషన్ చెప్పిస్తే అతను ఆ తరగతిలో 98 శాతం మందిని దాటిపోతాడని. దశాబ్దాలపాటు ఈ రంగంలో అందరూ దాన్నే లక్ష్యంగా చూపించారు. 2011లో కర్ట్ వాన్‌లేన్ అప్పటిదాకా జరిగిన ప్రయోగాల్ని పోగుచేసి చూస్తే మనిషి ట్యూటరే అంత ఎత్తుకు తీసుకెళ్లడం లేదని తేలింది. వందమందిలో కింది నుంచి 50వ స్థానంలో ఉన్న విద్యార్థిని మనిషి దాదాపు 78 దగ్గరికి చేర్చాడు. స్టెప్పు స్టెప్పుకూ చూసే యంత్రం కూడా దాదాపు అక్కడికే చేర్చింది. చివరి జవాబు మాత్రమే చూసే యంత్రం 62 దగ్గర ఆగిపోయింది. తేడా అంతా స్టెప్పుల్లోనే ఉంది. ఆపైన, స్కూల్లో పెట్టి చూస్తే అంకెలు ఇంకా తగ్గుతాయి. ర్యాండ్ అనే పరిశోధనా సంస్థ అమెరికాలో ఏడు రాష్ట్రాల్లో 147 స్కూళ్లలో ఆల్జీబ్రా ట్యూటర్‌ను పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించింది. మొదటి ఏడాది చెప్పుకోదగ్గ లాభం లేదు. రెండో ఏడాది హైస్కూళ్లలో 50వ స్థానం విద్యార్థి 58కి వెళ్లాడు.

ఎందుకు తగ్గుతాయంటే ఒక కారణం హింట్ బటన్. ఒకసారి నొక్కితే చిన్న సూచన, మళ్లీ నొక్కితే ఇంకాస్త, చివరికి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు జవాబే వస్తుంది. పిల్లలు తెలివైనవాళ్లు. మధ్యలో సూచనల్ని చదవకుండానే టకటకా నొక్కుకుంటూ చివరిదాకా వెళ్లిపోయారు. (నేనైనా అదే చేస్తాను, ముఖ్యంగా రేపు గడువైతే.) రయన్ బేకర్ 2004లో చూపించింది ఇదే: తరగతిలో కబుర్లు చెప్పుకుని సమయం పోగొట్టినవాళ్ల కంటే, ఇలా యంత్రాన్ని మాయచేసినవాళ్లే నేర్చుకోవడంలో ఎక్కువ నష్టపోయారు. చెప్పకపోతే విద్యార్థి విసిగిపోతాడు, చెప్పేస్తే ఆలోచించడం మానేస్తాడు. ఎంతసేపు ఆగాలన్న ప్రశ్నకు ఇప్పటికీ కచ్చితమైన సూత్రం లేదు.

అందుకే చాట్‌జీపీటీ లాంటివి వచ్చాక ఈ పాత ప్రశ్న కొత్త టెన్షన్‌గా మారింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు టర్కీలో దాదాపు వెయ్యిమంది హైస్కూల్ విద్యార్థులతో చేసిన ప్రయోగం 2025లో ప్రచురితమైంది. కొందరికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. అభ్యాసం లెక్కల్లో వాళ్లు, ఏ సాయమూ లేనివాళ్ల కంటే 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత చాట్‌బాట్ లేకుండా పరీక్ష పెడితే అదే వాళ్లు 17 శాతం వెనకబడ్డారు. తాము తక్కువ నేర్చుకున్నామన్న సంగతి వాళ్లకు తెలియనే లేదు.

ఇంకో గుంపుకు అదే చాట్‌బాట్‌ను కొంచెం మార్చి ఇచ్చారు. జవాబు చెప్పొద్దు, సూచనలే ఇవ్వు అన్నారు. అభ్యాసంలో వీళ్ల మెరుగు 127 శాతం. పరీక్షలో సాయం లేనివాళ్ల కంటే పైకి రాలేదు కానీ, మొదటి గుంపులా దెబ్బ కూడా పెద్దగా తినలేదు. ఆ మార్పులో ఇంకో భాగం ఉంది. ప్రతి లెక్కకూ సరైన సాధనతోపాటు, విద్యార్థులు సాధారణంగా ఎక్కడ తప్పుతారో, అలా తప్పినప్పుడు ఏమనాలో టీచర్ల సాయంతో ముందే రాసి చాట్‌బాట్‌కు అందించారు. బ్రౌన్, బర్టన్ 1978లో కూర్చిన జాబితా లాంటిదే, ఈసారి మామూలు మాటల్లో.