వైద్య లైబ్రేరియన్లకు సంఘం ఎందుకు? అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లో ఒక ఆసుపత్రి గ్రంథాలయం నా బాధ్యత. అమెరికాలో మా వృత్తివారికి మెడికల్ లైబ్రరీ అసోసియేషన్ అనే జాతీయ సంఘం ఉంది. దానికి ప్రాంతాల వారీగా చాప్టర్లున్నాయి. మాది సౌత్ సెంట్రల్ చాప్టర్. ఆర్కన్సా, లూసియానా, న్యూ మెక్సికో, ఓక్లహోమా, టెక్సాస్ రాష్ట్రాల్లోని వైద్య కళాశాలల్లో, ఆసుపత్రుల్లో, ఆరోగ్య సంస్థల్లో గ్రంథాలయాలు నడిపేవాళ్లం ఇందులో సభ్యులం. ఇక్కడ స్థిరపడిన తెలుగు డాక్టర్ల నుంచి, గ్రంథాలయ శాస్త్రం చదువుదామని వచ్చిన పిల్లల నుంచి మా పని గురించి, మా సంఘం గురించి కొన్ని మాటలు తరచూ వింటుంటాను. వాటికి జవాబు ఇది.

అపోహ: పుస్తకాలు సర్దేవాళ్లకు సంఘం దేనికి? ఏడాదికోసారి కలిసి భోజనాలు చేసి, ఫొటోలు దిగడానికే కదా.

వాస్తవం: ఈ సంఘం పుట్టిందే ఇచ్చిపుచ్చుకోవడం కోసం. 1898 మే 2న ఫిలడెల్ఫియాలో నలుగురు లైబ్రేరియన్లు, నలుగురు డాక్టర్లు కలిసి దీన్ని స్థాపించారు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ వైద్య గ్రంథాలయంలో పనిచేసిన మార్గరెట్ చార్ల్‌టన్ ఆ ఎనిమిది మందిలో ఒకరు. ఆ రోజుల్లో ఒక గ్రంథాలయంలో ఒకే జర్నల్ సంచికలు రెండేసి, మూడేసి పడి ఉండేవి. మరో ఊళ్లో అదే జర్నల్ సంపుటం మధ్యలో ఒక్క సంచిక లేక అసంపూర్తిగా మిగిలిపోయేది. మిగులు ఉన్నచోటి నుంచి లోటు ఉన్నచోటికి సంచికలను చేర్చే ‘ఎక్స్ఛేంజి’ సంఘం చేపట్టిన తొలి పనుల్లో ముఖ్యమైనది. బాల్టిమోర్ లైబ్రేరియన్ మార్సియా నోయస్ దాన్ని ఏళ్ల తరబడి చూసుకున్నారు. మొదటి మూడు దశాబ్దాలకు పైగా అధ్యక్షులందరూ డాక్టర్లే. 1933లో నోయస్ ఆ స్థానంలోకి వచ్చారు. డాక్టరు కాని తొలి అధ్యక్షురాలు, తొలి మహిళా అధ్యక్షురాలు ఆవిడే. చాకిరీ మాది, పీఠం వారిది అన్న కాలం నుంచి ఇక్కడిదాకా వచ్చిన వృత్తి మాది. అందుకే ‘పుస్తకాలు సర్దేవాళ్లు’ అనే మాట మమ్మల్ని బాధిస్తుంది.

ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఇప్పుడెలా జరుగుతుందో చెబుతాను. పిల్లల ఐసీయూ నుంచి ఫార్మసిస్టు ఫోను చేస్తారు. ఒక మందు మోతాదు గురించి పాత జర్నల్‌లో వచ్చిన వ్యాసం కావాలి, రోగి మంచం మీద ఉన్నాడు, డాక్టరు ఎదురుచూస్తున్నారు. ఆ జర్నల్‌కు మాకు చందా లేదు. 1985 నుంచి నడుస్తున్న డాక్‌లైన్ అనే వ్యవస్థలో నేను ఆ వ్యాసానికి పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల ఆన్‌లైన్ సూచికలో ఉన్న సంఖ్య వేసి, ‘అత్యవసరం, రోగి చికిత్స కోసం’ అని గుర్తు పెడతాను. ఆ సంపుటం ఎవరెవరి దగ్గర ఉందో వ్యవస్థకు తెలుసు. ముందు ఎవరిని అడగాలి, ఆ తర్వాత ఎవరిని అడగాలి అన్న వరస నేను ముందే రాసి పెట్టుకుంటాను. మొదటి గ్రంథాలయం ఇవ్వలేకపోతే అభ్యర్థన రెండోదానికి వెళుతుంది. అవతలి లైబ్రేరియన్ బీరువాలోంచి సంపుటం తీసి, స్కాన్ చేసి పంపుతారు.

ఈ వరసలో ఎవరి పేరు ముందు పెట్టాలో యంత్రం చెప్పదు. సాయంత్రం 5 దాటాక కూడా ఫోను ఎత్తేదెవరు, పేజీ అంచులు తెగకుండా శ్రద్ధగా స్కాన్ చేసేదెవరు అనేది పరిచయాల వల్లే తెలుస్తుంది. చాప్టర్ సమావేశంలో పక్కపక్కన కూర్చుని భోంచేసిన మనిషి అర్ధరాత్రి అడిగినా కాదనరు. అడిగిన గ్రంథాలయం నుంచి రుసుము తీసుకోకుండా వ్యాసాలు ఇచ్చుకునే ఫ్రీషేర్ అనే బృందం కూడా డాక్‌లైన్‌లో ఉంది. చిన్న ఆసుపత్రుల గ్రంథాలయాలకు అది పెద్ద అండ.

అపోహ: మీది ప్రభుత్వ శాఖే కదా, ప్రభుత్వమే డబ్బిస్తుంది.

వాస్తవం: ఇక్కడ రెండు వేర్వేరు వ్యవస్థలు కలగలిసిపోతున్నాయి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ అమెరికా ప్రభుత్వ సంస్థ. పబ్‌మెడ్, డాక్‌లైన్ దానివే. 1965లో వచ్చిన వైద్య గ్రంథాలయాల సహాయ చట్టం వల్ల ప్రాంతీయ గ్రంథాలయాల జాలం ఏర్పడింది. అది ప్రభుత్వ నిధులతో నడుస్తుంది. మా సంఘం వేరు. సభ్యుల చందాలతో, సమావేశాల రుసుములతో, సభ్యుల శ్రమతో నడిచే వృత్తి సంఘం ఇది. కోశాధికారికి జీతం లేదు, కార్యదర్శికీ లేదు. సరిహద్దులు కూడా ఒకటి కావు. 2021లో ప్రభుత్వ జాలాన్ని 7 ప్రాంతాలుగా విభజించినప్పుడు టెక్సాస్ ఒక ప్రాంతంలోకి, మా చాప్టర్‌లోనే ఉన్న న్యూ మెక్సికో మరో ప్రాంతంలోకి వెళ్లాయి.

అపోహ: అన్నీ పబ్‌మెడ్‌లో ఉన్నాయి. డాక్టరు తానే వెతుక్కోగలిగినప్పుడు మధ్యలో మీరెందుకు?

వాస్తవం: ఈ మాట విన్న ప్రతిసారీ నాకు 2001 గుర్తొస్తుంది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉబ్బసం మీద జరుగుతున్న ఒక పరిశోధనలో పాల్గొన్న 24 ఏళ్ల ఆరోగ్యవంతురాలైన యువతికి హెక్సామిథోనియం అనే రసాయనాన్ని పీల్చడానికి ఇచ్చారు. ఊపిరితిత్తులు దెబ్బతిని ఆమె ఆ జూన్‌లో చనిపోయింది. పరిశోధకుడు అంతకుముందు పబ్‌మెడ్ వెతికారు, ఒక ప్రామాణిక పాఠ్యపుస్తకం చూశారు. కానీ అప్పట్లో పబ్‌మెడ్ 1966 దాకా మాత్రమే వెనక్కి వెళ్లేది. ఆ మందు ఊపిరితిత్తులకు చేటు చేస్తుందన్న వ్యాసాలు 1950లలోనే అచ్చయ్యాయి. ఆ తర్వాత వైద్య లైబ్రేరియన్లు వెతికి వాటిని చూపించారు. ఆ జూలైలో ప్రభుత్వం ఆ సంస్థలో మనుషులపై జరిగే పరిశోధనలను కొన్నాళ్లు నిలిపివేసింది కూడా.

ఆ వ్యాసాలు ఎవరూ దాచిపెట్టినవి కావు. 1879లో జాన్ షా బిల్లింగ్స్ మొదలుపెట్టిన వైద్య వ్యాసాల సూచిక ఇండెక్స్ మెడికస్ అచ్చు సంపుటాలు బీరువాల్లో ఉన్నాయి. ఏ బీరువా దగ్గరికి వెళ్లాలో తెలిసిన మనిషిని అడగలేదు, అంతే.

ఇప్పుడు పబ్‌మెడ్‌లో 3 కోట్ల 70 లక్షలకు పైగా వ్యాసాల వివరాలున్నాయి. వెతకడం మరింత కష్టమైంది. ఒక డాక్టరుగారు ఇలా అడిగారనుకోండి: “అశ్వగంధ మాత్రలు వాడుతున్న రోగికి కామెర్లు వచ్చాయి. ఇలాంటివి ముందు నమోదయ్యాయా?” పబ్‌మెడ్ పెట్టెలో అశ్వగంధ, లివర్ అన్న రెండు మాటలు కొడితే కొన్ని వ్యాసాలు వస్తాయి, కొన్ని తప్పిపోతాయి. ఒక రచయిత విథానియా సోమ్నిఫెరా అని మాత్రమే రాస్తారు. మరొకరు ఇండియన్ జిన్సెంగ్ అంటారు, ఇంకొకరు వింటర్ చెర్రీ అంటారు. ఇంగ్లీషు వర్ణక్రమాలు రెండు మూడు రకాలు. అందుకని మేం రెండు జాబితాలు కడతాం. మొదటి దాంట్లో ఆ మూలికకున్న పేర్లన్నీ, వాటితోపాటు నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వారి విషయ శీర్షికల పట్టిక ‘మెష్’లోని ‘విథానియా’ శీర్షిక. రెండో దాంట్లో కామెర్లు, హెపటైటిస్, కాలేయ వైఫల్యం, మందుల వల్ల కాలేయానికి జరిగే హానికి మెష్‌లో ఉన్న ప్రత్యేక శీర్షిక. ఒక జాబితాలోని మాటల్లో ఏది ఉన్నా చాలు, కానీ రెండు జాబితాల నుంచీ ఏదో ఒకటి ఉండి తీరాలని కంప్యూటర్‌కు చెబుతాం. తర్వాత ఎంబేస్ వంటి మరో సూచికలో, మందుల వల్ల కాలేయానికి వచ్చే ముప్పు కోసమే పెట్టిన లివర్‌టాక్స్‌లో చూస్తాం. ఏ తేదీన ఎక్కడ వెతికామో, ఎన్ని దొరికాయో రాసి ఇస్తాం. కావాలంటే మరొకరు అదే దారిలో వెళ్లి సరిచూడాలి కదా.

సంఘం అవసరం ఇక్కడే పడుతుంది. నా శోధనలో లోపం నా కంటికి కనిపించదు. ఒక పర్యాయపదం మరిచి ఉంటాను, ఒక బ్రాకెట్ తప్పు చోట పడి ఉంటుంది. ఒక ప్రశ్నపై వచ్చిన పరిశోధనలన్నిటినీ వెతికి తూచే పెద్ద సమీక్షల శోధన అయితే ముందు మరో ఊరి లైబ్రేరియన్‌కు పంపుతాను. దీనికోసం ప్రెస్ అనే పరిశీలన పట్టికే ఉంది. ఒక్కో అంశం చూసి వాళ్లు మార్పులు చెబుతారు. వాళ్లది నేనూ అలాగే చూస్తాను. ఇలాంటి క్రమబద్ధ సమీక్షకు శోధన ప్రణాళిక వేసేటప్పుడు శిక్షణ పొందిన లైబ్రేరియన్‌ను కలుపుకోవాలని అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లో ప్రమాణంగానే పెట్టింది.

అపోహ: కృత్రిమ మేధ వచ్చేసింది కాబట్టి ఇక లైబ్రేరియన్ పని అయిపోయినట్టే.

వాస్తవం: దానివల్ల మాకు కొత్త రకం పని వచ్చింది. ఒక వ్యాసం తెప్పించమని అభ్యర్థన వస్తుంది. జర్నల్ నిజమే, ఏడాది నిజమే, రచయిత ఆ రంగంలో పేరున్నవారే. సంపుటం తెరిచి ఆ పేజీ చూస్తే అక్కడ వేరే వ్యాసం ఉంటుంది. అడిగిన వ్యాసం ఎవరూ రాయలేదు, యంత్రం అల్లింది. ఆ సంగతి తేల్చి చెప్పడానికి దొరికే వ్యాసాన్ని తెప్పించడానికి పట్టేదానికన్నా ఎక్కువ సమయం పడుతుంది. ఈ పనిముట్లను ఎక్కడ నమ్మవచ్చు, ఎక్కడ నమ్మకూడదు అనే విషయంపై ఒకరి అనుభవం ఒకరికి చెప్పుకోవడం ఇప్పుడు సంఘాల్లో జరగాల్సిన ముఖ్యమైన పని అని నా అభిప్రాయం. వీటిని వాడవద్దని నేను అనను. పర్యాయపదాలు పోగుచేయడంలో బాగా సాయపడతాయి. రోగి చికిత్సకు ఆధారంగా ఇచ్చే వ్యాసాన్ని మాత్రం కళ్లతో చూడకుండా ఇవ్వకూడదు.

అపోహ: జర్నళ్లన్నీ ఆన్‌లైన్‌లో ఉచితమే.

వాస్తవం: పబ్‌మెడ్ 1997 నుంచి అందరికీ ఉచితం. కానీ చాలా వ్యాసాలకు అందులో సారాంశమే కనిపిస్తుంది, పూర్తి పాఠానికి చందా కట్టాలి. భారతదేశంలో 2025 జనవరి 1న మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం వల్ల కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల విద్యా, పరిశోధన సంస్థలకు దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ వైద్య కళాశాలల్లో చదువుతున్నవారు మీ కళాశాల అందులో నమోదైందో లేదో మీ లైబ్రేరియన్‌ను ఈ వారమే అడగండి.

అపోహ: ఆసుపత్రిలో గ్రంథాలయం మూసేసినా రోగికి వచ్చే నష్టం ఏమీ లేదు.

వాస్తవం: ఈ అపోహ ఆసుపత్రుల యాజమాన్యాలలో ఉంది కాబట్టి ఎక్కువ ప్రమాదకరం. 1986లో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆసుపత్రులకు పెట్టే నిబంధనల నుంచి వైద్య గ్రంథాలయం ఉండాలన్న షరతును తీసేశారు. అప్పటి నుంచి ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడల్లా చూపు మా గది మీద పడుతుంది. ఆ గదిలో చాలాచోట్ల ఉండేది ఒక్క మనిషే. తన ఉద్యోగం ఎందుకు అవసరమో తనే చెప్పుకోవడం ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది. సంఘం చెబితే ఆ మాటకు బరువు ఉంటుంది.

చెప్పడానికి ఆధారమూ ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ ప్రాంత ఆసుపత్రుల్లో జోయాన్ మార్షల్ చేసిన అధ్యయనం 1992లో వెలువడింది. లైబ్రేరియన్ ఇచ్చిన సమాచారం వల్ల చికిత్సలో ఏదో ఒక అంశాన్ని మార్చుకున్నామని, లేదా బహుశా మార్చుకున్నామని 80 శాతం డాక్టర్లు చెప్పారు. పరీక్షల ఎంపిక మారిందన్నవారు 51 శాతం, మందుల ఎంపిక మారిందన్నవారు 45 శాతం. అడిగినవారిలో సగం మంది కూడా బదులివ్వలేదన్న లోపం ఆ అధ్యయనానికి ఉంది, దాన్ని దాచకూడదు. అయినా చికిత్స చేసే డాక్టర్లే తమ నోటితో చెప్పిన మాట అది.

పొరుగు గ్రంథాలయం విలువ మా ప్రాంతానికి తుఫానులు నేర్పాయి. 2005లో కత్రినా వచ్చినప్పుడు న్యూ ఆర్లియన్స్‌లోని లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల బాటన్ రూజ్‌కు, టులేన్ వైద్య కళాశాల హ్యూస్టన్‌కు తరలి వెళ్లి తరగతులు నడిపాయి. విద్యార్థులు ఒక ఊళ్లో, వాళ్ల పుస్తకాలు నీళ్లు నిండిన మరో ఊళ్లో. అలాంటప్పుడు ఆతిథ్యమిచ్చిన ఊరి గ్రంథాలయమే దిక్కు. అప్పటికప్పుడు పరిచయాలు చేసుకుని ఒప్పందాలు రాసుకునే తీరిక ఎవరికీ ఉండదు.

అపోహ: వైద్య లైబ్రేరియన్‌ను అడిగితే డాక్టరు దగ్గరికి వెళ్లక్కర్లేదు.

వాస్తవం: బంధువులు రిపోర్టు ఫొటో తీసి పంపి, “ఇది ప్రమాదమా అమ్మా?” అని అడుగుతారు. ప్రేమతో అడుగుతారు కాబట్టి కాదనడం కష్టం. మేం నమ్మదగిన సమాచారం వెతికి ఇస్తాం, అర్థమయ్యే భాషలో ఉన్నది ఎంచి ఇస్తాం. మీ విషయంలో దాని అర్థం ఏమిటో చెప్పాల్సింది మీ డాక్టరే.

అపోహ: ఈ ఉద్యోగానికి వైద్యం చదివి ఉండాలి.

వాస్తవం: అవసరం లేదు. అమెరికాలో ఎక్కువ చోట్ల అడిగేది అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న గ్రంథాలయ శాస్త్ర మాస్టర్స్ పట్టా. వైద్య పరిభాష, శోధన పద్ధతులు పనిలో, సంఘం నడిపే తరగతుల్లో నేర్చుకుంటాం. మెడికల్ లైబ్రరీ అసోసియేషన్‌కు అకాడమీ ఆఫ్ హెల్త్ ఇన్ఫర్మేషన్ ప్రొఫెషనల్స్ అనే గుర్తింపు ఉంది. 5 ఏళ్లకోసారి దాన్ని నిలబెట్టుకోవాలి, అంటే చదువు ఆగదు. రోగులకు, కుటుంబాలకు ఆరోగ్య సమాచారం అందించే పనికి వేరుగా ఒక ప్రత్యేక ధ్రువపత్రం కూడా ఉంది.

చదువుతున్నవారు పట్టా వచ్చేదాకా ఆగవద్దు. విద్యార్థిగా ఉండగానే మీ ప్రాంతపు చాప్టర్‌లో చేరండి. చందా, ప్రయాణ ఖర్చు భారమనిపిస్తే విద్యార్థులకు సాయం ఏమైనా ఉందేమో అడగండి. మొదటి సమావేశంలో ఉపన్యాసాలన్నీ వినాలని పరుగెత్తకండి. ఒంటరిగా ఆసుపత్రి గ్రంథాలయం నడుపుతున్న ఒకరిని వెతికి పట్టుకుని, నిన్న ఏ ప్రశ్నకు జవాబు వెతికారో అడగండి. ఏ పెట్టెలో ఏ మాట వేశారో కూడా అడగండి, విసుక్కోకుండా చెబుతారు.