కోర్‌లో వచ్చిన శాతం బావిలో ఎందుకు రాదు?

హైదరాబాద్‌లో రిజర్వాయర్ అనగానే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గుర్తొస్తాయి. చమురు రిజర్వాయర్ అలాంటిది కాదు. భూమి లోపల చమురు చెరువులా నిలిచి ఉండదు. ఇసుకరాతిలో రేణువుకీ రేణువుకీ మధ్య, మైక్రాన్లలో కొలిచే సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. నగరం అడుగున ఉన్నది గ్రానైట్. ఇక్కడ ఎంత లోతుకు బోరు దింపినా పగుళ్లలో నీళ్లు దొరకాలే తప్ప చమురు ఊసు ఉండదు. తెలుగు నేలలో చమురు రాళ్లున్నది కృష్ణా-గోదావరి బేసిన్‌లో. నగరంలో కూర్చుని ఈ రంగంలో పనిచేసేవాళ్ల చేతికి అందేది ఆ బావిలోంచి తీసిన రాతి ముక్క, అంటే కోర్. ల్యాబ్‌లో దాన్నుంచి అదనంగా ఇంత శాతం చమురు రాబట్టామని వచ్చే అంకె క్షేత్రానికి, అంటే బావులున్న చోటికి, వెళ్లేసరికి కుంచించుకుపోతుంది. దాని మూలం ఈ శాస్త్రం పుట్టిన తీరులోనే ఉంది.

1856లో ఫ్రాన్స్‌లోని దిజోన్‌కు మంచినీళ్లు అందించిన ఇంజనీరు హెన్రీ డార్సీ, ఇసుక నింపిన గొట్టంలోంచి నీళ్లు పంపి, ప్రవాహానికీ ఒత్తిడి తేడాకీ ఉన్న లెక్క తేల్చాడు. ఆ గొట్టంలో ఉన్నది నీరొక్కటే. చమురును వెనకనుంచి నీరు నెట్టే లెక్క 1942లో బక్లీ, లెవరెట్ రాసేదాకా కుదరలేదు. క్షేత్రంలో పని మాత్రం లెక్క కంటే ముందే నడిచింది. పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో పాత బావుల గుండా నీళ్లు అనుకోకుండా చమురు రాతిలోకి దిగితే, పక్క బావుల్లో ఉత్పత్తి పెరిగింది. అక్కడ 1921లో నీళ్లు ఎక్కించడం చట్టబద్ధమైంది. మన ముంబై తీరానికి ఆవల సముద్రంలో ఉన్న ముంబై హై చమురు క్షేత్రంలో అది 1984లో మొదలైంది.

నీళ్లు నెట్టినా సగానికి పైగా చమురు మిగిలిపోవడం మామూలే. కొంత చుక్కలుగా సన్నని సందుల్లో చిక్కుకుంటుంది. చమురుకూ నీటికీ మధ్య తలతన్యత మీటరుకు 20–30 మిల్లీన్యూటన్లు. ఆ చుక్క కదలాలంటే సర్ఫాక్టెంట్‌తో, అంటే సబ్బులాంటి రసాయనంతో, ఆ తలతన్యతను 0.01 కంటే కిందికి దింపాలి. మిగతాది నీరు అసలు తాకని చోట ఉంటుంది. పలచని నీరు చిక్కటి చమురును చీల్చుకుని సులువైన దారిన పోతుంది. పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పాలిమర్ కలిపి నీటిని చిక్కబరిచేది అందుకే.

ల్యాబ్‌లో పరీక్షించేది 38 మిల్లీమీటర్ల వ్యాసం, ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవున్న ప్లగ్‌ను, అంటే కోర్‌లోంచి కోసిన చిన్న స్థూపాన్ని. టోలుయీన్ అనే ద్రావణితో కడిగి, ఆరబెట్టి, వ్యాక్యూమ్‌లో ఉప్పునీటితో నింపుతారు. తర్వాత చమురు ఎక్కించి, రాయి తన స్వభావం తిరిగి తెచ్చుకునేలా రిజర్వాయర్ ఉష్ణోగ్రతలో రోజులు, వారాలు ఉంచుతారు. ఇక్కడ తొందరపడితే ఫలితమంతా తప్పుతుంది. కుళాయి నీళ్లో డిస్టిల్డ్ వాటరో పంపితే రాతిలోని బంకమన్ను ఉబ్బి దారులు మూసుకుపోతాయి.

ఇప్పుడు కొలత చూడండి. రాతి పరిమాణంలో సందులు 20 శాతం ఉంటే ప్లగ్‌లో ఖాళీ మొత్తం 17 మిల్లీలీటర్లు, అందులో చమురు సుమారు 12. పైపుల్లో, వాల్వుల్లో ఉండిపోయిన ఒక్క మిల్లీలీటరును లెక్కలోంచి తీసేయడం మరిచిపోతే రికవరీలో, అంటే రాబట్టిన చమురు శాతంలో, 8 శాతం తేడా వచ్చేస్తుంది. క్షేత్రంలో నీరు రోజుకు ఒక అడుగు నడుస్తుందనుకుంటే, ఈ ప్లగ్‌లోకి గంటకు 3 మిల్లీలీటర్లే పంపాలి. పని త్వరగా తేలాలని పంపు వేగం పెంచితే, క్షేత్రంలో లేని బలం చుక్కల్ని తోసేస్తుంది.

అన్నీ సరిగ్గా చేసినా ప్లగ్ ప్లగ్గే. దానిలో నీరు దాదాపు ప్రతి మూలకూ వెళ్తుంది. క్షేత్రంలో సగం రాతినే తాకవచ్చు. ప్లగ్‌లో 60 శాతం వస్తే, సగం రాయే తడిసిన క్షేత్రంలో అది 30. పైగా ల్యాబ్‌లో ఖాళీకి ఐదారింతల ద్రవం పంపేస్తాం. క్షేత్రంలో ఏళ్ల తరబడి ఎక్కించినా ఒక్కింత దాటడమే కష్టం. సర్ఫాక్టెంట్ దారిలోని రాతికి అంటుకుని తరిగిపోతుంది. పాలిమర్ గొలుసులు పంపుల్లో, వాల్వుల్లో తెగుతాయి. నీటిలో ఆక్సిజన్ మిగిలితే ఇంకా పాడవుతాయి.

అందుకే రాతి ముక్కకూ క్షేత్రానికీ మధ్య పైలట్ అనే మెట్టు వచ్చింది: కొన్ని బావుల్లోనే ముందు చేసి చూడడం. గుజరాత్‌లోని బలోల్‌లో భారీ చమురులో కొంత భూమిలోనే మండించే పద్ధతికి 1990లో పైలట్ చేసి, 1997లో వాణిజ్య స్థాయికి తెచ్చారు. రాజస్థాన్ మంగళ క్షేత్రంలోనూ పాలిమర్‌ను ముందు పైలట్‌లో చూసి, తర్వాతే క్షేత్రమంతా ఎక్కించారు. 2018లో కేంద్రం తెచ్చిన అదనపు రికవరీ విధానం దీన్ని నిబంధనగా మార్చింది: ప్రతి క్షేత్రాన్నీ గుర్తింపు పొందిన సంస్థలు పరిశీలించాలి, పైలట్ చేయకుండా వాణిజ్య స్థాయికి వెళ్లకూడదు.