ఫ్యాన్ మెల్లగా తిరుగుతోందా? మార్చాల్సింది ఫ్యాన్ కాకపోవచ్చు

రెగ్యులేటర్ అయిదులో పెట్టినా సీలింగ్ ఫ్యాన్ నత్తనడక నడుస్తుంటే, చాలామంది కొత్తది కొనేస్తారు. ఎక్కువసార్లు పోయేది మోటారు కాదు, రాడ్డు దగ్గరి కప్పులో ఉండే కండెన్సర్. మోటారులో రెండు వైండింగులుంటాయి. వాటిలో ఒకదానికి వెళ్లే కరెంటును రెండోదానికంటే కాస్త ముందుకు జరిపి రెక్కలను తిప్పేది ఈ చిన్న డబ్బీయే. దీని సామర్థ్యం సాధారణంగా 2.5 మైక్రోఫారడ్లు ఉంటుంది. లోపల ప్లాస్టిక్ పొర మీద అతి పల్చటి లోహపు పూత ఉంటుంది. వేడికి, వోల్టేజీ హెచ్చుతగ్గులకు ఆ పూత ఏళ్ల తరబడి చుక్కలు చుక్కలుగా ఆవిరవుతుంది. సామర్థ్యం తగ్గేకొద్దీ వేగం పడిపోతుంది. తక్కువ ఖర్చుతో ఎలక్ట్రీషియన్ కొత్తది వేసేస్తాడు. మిక్సీలో జార్‌ను మోటారుకు కలిపే కప్లర్, మోటారులోని కార్బన్ బ్రష్‌లు అరిగిపోయినా ఇంతే.

అయితే పాతదాన్ని ఎంతకాలమైనా వాడాల్సిందేనని నేననను. మామూలు ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకుంటే, బ్రష్‌లు లేని డీసీ మోటారుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు సుమారు 30 వాట్లు చాలు. రోజంతా తిరిగే గదిలో మార్చడమే మేలు. ఎప్పుడో గాని వేయని గదిలో రిపేరే సరైన పని.

మరి పారేసినవి ఎక్కడికి పోతాయి? 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు, అంటే పారేసిన విద్యుత్, ఎలక్ట్రానిక్ సామాన్లు పోగయ్యాయి. పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. మిగతాదాంట్లో చాలా భాగం ఎక్కడ తేలుతుందో మన పాత సామాన్ల గోదాముల చుట్టుపక్కల చూడొచ్చు. రాగి కోసం వైర్లు కాలుస్తారు. వాటి మీది పీవీసీ ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విష రసాయనాలు పుడతాయి. బంగారం కోసం సర్క్యూట్ బోర్డుల్ని యాసిడ్‌లో ముంచుతారు. ఆ పొగ పీల్చేది, ఆ యాసిడ్‌లో చేతులు పెట్టేది రోజుకూలీలు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

అదే బంగారాన్ని సరైన ప్లాంటులో తీయొచ్చు. టోక్యో ఒలింపిక్స్ పతకాలకు జపాన్ ప్రజలిచ్చిన పాత ఫోన్లు, పరికరాల నుంచే 32 కిలోల బంగారం వచ్చింది. మన హైదరాబాద్‌లోని సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ కూడా సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు రాబట్టే సాంకేతికతను రూపొందించింది.

మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, తయారీదారులు నమోదైన రీసైక్లర్ల ద్వారా పాత సరుకును రీసైకిల్ చేయించాలి. కాబట్టి ఇచ్చేముందు రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. ఫోనైతే డేటా చెరిపేసి ఇవ్వండి. బ్యాటరీ ఉన్న వస్తువును మాత్రం చెత్త బండిలో వేయకండి. బండిలో నలిగితే లిథియం బ్యాటరీకి మంటలంటుకోవచ్చు.