బీపీ, షుగర్ రాసిపెట్టి ఉంటాయా?

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బుజ్జి అడిగింది కదా, "తాతయ్యా, నీకు బీపీ, నాన్నకి షుగర్. ఇంక మాకు రాకుండా ఉంటాయా?" అని. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

వంశంలో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువే, కాదనను. అయితే ఈ రెండూ ముదిరితే గుండెకే చేటు కాబట్టి, గుండెజబ్బుల విషయంలో ఫిన్లాండ్‌లో ఏం జరిగిందో కూడా వినండి. ఆ దేశానికి తూర్పున, రష్యా సరిహద్దులో నార్త్ కరేలియా అనే ప్రాంతం ఉంది. అడవులు, సరస్సులు, ఎముకలు కొరికే చలి. 1970 ప్రాంతంలో నడివయసు మగవాళ్ళు గుండెపోటుతో పోవడంలో ప్రపంచం మొత్తమ్మీద ఆ ప్రాంతమే ముందుండేది. వాళ్ళేమీ కూర్చుని తినే రకం కాదు, చెట్లు కొట్టేవాళ్ళు, సేద్యం చేసేవాళ్ళు. ఒళ్ళు వంచి పనిచేసేవాడికి రోగమేమిటని మన ఊళ్ళో అంటుంటారే, ఆ మాట అక్కడ చెల్లలేదు.

తిండి చూస్తే రొట్టె మీద దట్టంగా వెన్న, వెన్న తీసెయ్యకుండా తాగే చిక్కటి పాలు, పంది మాంసం, ఉప్పు చేపలు. కూరగాయలు అంతంతమాత్రం. మగవాళ్ళలో సగం మంది సిగరెట్లు కాల్చేవాళ్ళు.

కళ్ళెదుటే మనుషులు పోతుంటే 1971లో ఆ ప్రాంతం తరఫున గవర్నరు, ప్రజాప్రతినిధులు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. మరుసటి ఏడే పని మొదలైంది. నడిపించిన డాక్టరు పెక్కా పుస్కాకి అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు, మన ఇళ్ళల్లో పెళ్ళి సంబంధాలు చూసే వయసు! ఆయన దృష్టి ఆసుపత్రి కన్నా ముందు వంటింటి మీద పడింది.

అక్కడ మార్తా అని గృహిణుల సంఘం ఒకటి ఉంది. ఆ ఆడవాళ్ళు ఊరూరా సాయంకాలం విందులు పెట్టారు. కరేలియా వాళ్ళకు మాంసం కూర అంటే ప్రాణం. దాన్ని మానమని ఎవరూ అనలేదు. అదే కూరలో మాంసం, ఉప్పు తగ్గించి, దుంపలు, క్యారెట్లు ఎక్కువ వేసి వండి పెట్టారు. నాకు ఈ కథలో బాగా నచ్చింది ఇదే. ఉపన్యాసం దంచితే ఎవడు వింటాడు? నా మాట మీరు వింటున్నారా?

కానీ ఇంట్లోవాళ్ళు ఎంత గట్టిగా అనుకున్నా, అంగట్లో దొరికేదే తింటారు. అందుకని వెన్న తక్కువున్న పాలు, ఉప్పు, కొవ్వు తగ్గించిన సాసేజ్‌లు అమ్మకానికి వచ్చాయి. మరి పాడి రైతుల గతి ఏమిటి? వాళ్ళకు కోపం రాకుండా ఉంటుందా? ఆ నేలలో బెర్రీ పళ్ళు బాగా పండుతాయి కాబట్టి, రైతుల్ని ఆ సాగు వైపు మళ్ళించే పథకం 1980ల్లో పెట్టారు. పొగాకు ప్రకటనలను నిషేధిస్తూ 1976లోనే చట్టం వచ్చింది. పిల్లలకైతే బడిలో, తోటివాళ్ళు సిగరెట్ ఇస్తే వద్దని ఎలా అనాలో నేర్పారు.

సుమారు నలభై ఏళ్ళలో అక్కడ 65 లోపు మగవాళ్ళ గుండెజబ్బు చావులు నూటికి 80కి పైగా తగ్గాయి. కొత్త మందులు, ఆపరేషన్ల వల్ల కూడా కొంత తగ్గాయి. అయినా ఎక్కువ వంతు కొలెస్ట్రాల్, బీపీ, పొగ తగ్గడం వల్లే. బుజ్జీ, నలభై ఏళ్ళలో ఒక జాతి జన్యువులు మారిపోవు కదా! ఆ రక్తం అదే, ఆ వంశాలు అవే. మారింది కంచం, అంగడి, చట్టం.

మన దేశంలోనూ కొంత జరిగింది. నూనెలు, వనస్పతి, వాటితో చేసే సరుకుల్లో ట్రాన్స్ ఫ్యాట్, అంటే గుండెకి చేటు చేసే ఒక రకం కొవ్వు, మొత్తం కొవ్వులో 2 శాతం దాటకూడదని 2022 నుంచి నిబంధన ఉంది. చిన్నా తినే బేకరీ పఫ్ దాని కిందికే వస్తుంది. అలాగని రోజూ తినమని కాదురా!

ఉప్పు సంగతి మాత్రం మన చేతిలోనే ఉంది. పెద్దవాళ్ళు రోజుకి 5 గ్రాముల లోపు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, అంటే టీస్పూనుకి మించకూడదు. ఆవకాయ, అప్పడం, మజ్జిగలో మళ్ళీ చిటికెడు, ఇవన్నీ కలిపితే మన ఇంట్లో ఆ లెక్క మధ్యాహ్నానికే దాటిపోతుంది. ఆవకాయ మానమంటే మీ నాయనమ్మ నన్ను ఇంట్లో ఉండనివ్వదు, అందుకే ప్రస్తుతం మజ్జిగలో ఉప్పు, రాత్రిపూట అప్పడం ఆపాం. ఆమెకి కోపం ఇంకా తగ్గలేదు.

మీ బడి క్యాంటీన్‌లో ఏమేం అమ్ముతున్నారో ఈసారి చూసి రాయండి. దసరాకి వచ్చినప్పుడు మీ హెడ్ మాస్టారికి ఒక అర్జీ రాద్దాం.

మీ తాతయ్య