ఎలక్ట్రిక్ కారు చవకవ్వాలంటే: అపోహలు - వాస్తవాలు

నేను బ్యాటరీ ప్యాక్‌లు డిజైన్ చేసే పనిలో ఉన్నాను. రోజులో సగం ఎక్సెల్ షీట్ ముందే గడిచిపోతుంది: ఏ వరుసలో ఎంత తగ్గించొచ్చు, దేన్ని ముట్టుకోకూడదు అని. నా పనేంటో తెలిస్తే చాలు, "మరి ఈ కార్లు అంత రేటెందుకండీ?" అని అడుగుతారు. జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు. తరచూ వినిపించే జవాబులు ఇవీ.

అపోహ: లిథియం ఖరీదైనది, అందుకే కారూ ఖరీదు.

50 కిలోవాట్ అవర్ల (కిలోవాట్ అవర్ అంటే కరెంటు బిల్లులో ఒక యూనిట్) ప్యాక్‌లో ఉండే లిథియాన్ని లోహంగా లెక్కేస్తే 10 కిలోలు కూడా ఉండదు. చాలాకాలం మా షీట్‌ను బరువెక్కించినవి నికెల్, కోబాల్ట్. గనుల్లోంచి వచ్చే కోబాల్ట్‌లో ఎక్కువ భాగం ఒక్క కాంగోదే కాబట్టి అక్కడ ఏ చిన్న గొడవైనా ధర ఊగుతుంది. ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌లో (ప్యాక్‌లో పేర్చే విడి బ్యాటరీలే సెల్స్) ఈ రెండూ ఉండవు. మేం వాటిని ఎల్ఎఫ్‌పీ అంటాం. చవక కార్లు అటు మళ్లింది అందుకే. అలాగని లిథియాన్ని తేలిగ్గా తీసుకోలేం. 2022లో దాని ధర కొండెక్కేసరికి, అప్పటిదాకా ఏటా తగ్గుతూ వచ్చిన ప్యాక్ సగటు ధర తొలిసారి పెరిగింది.

అపోహ: బ్యాటరీ ధర తగ్గినా ఆ లాభమంతా కంపెనీలే మింగేస్తున్నాయి.

కొంత నిజమే. పెద్ద ఎస్‌యూవీల్లో మార్జిన్ ఎక్కువ, అందుకే ముందు అవే వస్తాయి. కానీ మిగిలినదంతా ఎటు పోయిందో చూడండి. ఇంధన రంగంపై పరిశోధన చేసే బ్లూమ్‌బర్గ్‌ఎన్‌ఈఎఫ్ సంస్థ సర్వే ప్రకారం 2010లో కిలోవాట్ అవర్‌కు 1,000 డాలర్ల పైన ఉన్న ప్యాక్ సగటు ధర 2024కల్లా 115 డాలర్లకు దిగింది. అదే కాలంలో బ్యాటరీ పెరుగుతూ పోయింది. 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్‌లో 24 కిలోవాట్ అవర్లు. 2019 నాటి లీఫ్ పెద్ద వెర్షన్‌లో 62. చవకైన కొద్దీ ఎక్కువ పెట్టుకుంటూ పోయామన్నమాట.

ఆ పెరుగుదల బ్యాటరీతో ఆగదు. 10 కిలోవాట్ అవర్లు అదనంగా పెడితే సుమారు 60 కిలోల బరువు చేరుతుంది. ఆ బరువును మోయడానికి సస్పెన్షన్ గట్టిపడాలి, బ్రేకులు పెద్దవవ్వాలి, ఢీకొన్నప్పుడు తట్టుకోవడానికి ఇంకొంచెం స్టీలు పడాలి. కారు బరువెక్కితే కిలోమీటరుకు కరెంటు ఎక్కువ తాగుతుంది. అనుకున్న రేంజ్, అంటే ఒక్క ఛార్జింగ్‌తో వెళ్లే దూరం, రాదు. మళ్లీ బ్యాటరీ పెంచాలి! మీటింగుల్లో ఈ గుండ్రం చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు.

అపోహ: ఇంజిన్ లేదు, గేర్‌బాక్స్ లేదు, పార్టులు తక్కువ. పెట్రోల్ కారు కన్నా చవకగా రావాలి.

పార్టులు తక్కువే, కానీ మిగిలినవి ఖరీదైనవి. బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్, కారులోనే ఉండే ఆన్‌బోర్డ్ ఛార్జర్, హై వోల్టేజ్ కేబుళ్లు, కూలింగ్.

అపోహ: సాలిడ్ స్టేట్ బ్యాటరీ వస్తే ఒక్కసారిగా ధర పడిపోతుంది.

లోపలి ద్రవానికి బదులు ఘన పదార్థం వాడే బ్యాటరీ అది. నాకు చిరాకు తెప్పించే అపోహ ఇదే. సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది 1991లో. అది మామూలు కార్లలోకి రావడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. కొత్త కెమిస్ట్రీ (బ్యాటరీలో వాడే పదార్థాల కూర్పు) ఏదైనా మొదట ఖరీదుగానే వస్తుంది. ధర తగ్గేది ల్యాబ్‌లో కాదు, ఫ్యాక్టరీలో. పలచటి రాగి రేకు మీద నల్లటి పేస్టు పూసి, పదుల మీటర్ల పొడవున్న ఓవెన్‌లో ఆరబెడతారు. పూత మందం కొన్ని మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) అటూ ఇటూ అయితే ఆ చుట్ట స్క్రాప్. తయారైన సెల్‌ను కూడా వెంటనే అమ్మలేం. మొదటి ఛార్జింగ్ చేసి, రోజుల తరబడి ర్యాకుల్లో ఉంచి, వోల్టేజ్ జారుతోందేమో చూడాలి. అన్ని రోజులూ డబ్బు ఆ ర్యాకుల్లోనే ఇరుక్కుని ఉంటుంది. స్క్రాప్ ఒక్క శాతం తగ్గినా, ఆరబెట్టే ఖర్చు కాస్త కోసినా మాకు పండగే. సెల్స్‌ను మాడ్యూళ్లలో, అంటే చిన్న చిన్న పెట్టెల్లో, కాకుండా నేరుగా ప్యాక్‌లో పేర్చడం కూడా అలాంటి పొదుపే. మధ్యలో ఉండే పెట్టెలు, స్క్రూలు, వైర్లు పోతాయి. ఇబ్బందల్లా రిపేరు దగ్గరే: ఒక్క సెల్ పాడైతే దాన్ని విడదీయడం నరకం.

అపోహ: చవక బ్యాటరీ అంటే ప్రమాదకరమైన బ్యాటరీ.

కెమిస్ట్రీ వరకు చూస్తే ఇది తలకిందులు. వేడిని తట్టుకోవడంలో ఎల్ఎఫ్‌పీ నికెల్ సెల్స్ కన్నా మేలు. అదే సామర్థ్యానికి బరువు ఎక్కువ, చలిలో కాస్త మొండికేస్తుంది, అంతే. ప్రమాదం వచ్చేది పొదుపు చేయకూడని చోట చేస్తే. ఒకసారి ప్యాక్ మూత చుట్టూ ఉండే సీల్‌ను కొంచెం పలచటిదానికి మార్చాం. మిగిలింది చిల్లర డబ్బులు. వేడికీ చలికీ మార్చి మార్చి గురిచేశాక ప్యాక్‌ను నీళ్లలో ముంచి, తీసి, మూత విప్పాం. ఓ మూల బోల్ట్ పక్కన చెంచాడు నీళ్లు నిలబడి ఉన్నాయి. రోడ్డు మీద అయితే దాని పక్కనే 400 వోల్టులు ఉంటాయి. షీట్‌లో ఆ వరుసను మళ్లీ ఎవరం ముట్టుకోలేదు.

అపోహ: 500 కిలోమీటర్ల రేంజ్ లేకపోతే కారు కొనడం దండగ.

రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే మనిషి మిగతా 460 కిలోమీటర్ల బ్యాటరీని ఊరికే మోస్తూ తిరుగుతాడు, దానికి డబ్బు కూడా కట్టి. సగం బ్యాటరీ పెట్టి ఛార్జింగ్ వేగం పెంచితే చాలదా అంటారు. చాలావరకు చాలుతుంది. కాకపోతే చిన్న ప్యాక్‌ను గబగబా ఛార్జ్ చేస్తే ఒక్కో సెల్ మీద పడే కరెంటు పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. దాన్ని తట్టుకునే సెల్, దానికి తగ్గ కూలింగ్ ప్లేటు కావాలి, అవి మళ్లీ ఖరీదు. ప్రస్తుతం నా షీట్‌లో ఎరుపు రంగులో ఉన్న వరుసలు ఆ రెండే.