రన్‌వే దాటాక 300 మీటర్లు: తనిఖీ అధికారుల శిక్షణ వెనుక కథ

2010 మే 22న దుబాయి నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వేపై ఆగలేక ముందుకు దూసుకుపోయింది. అక్కడున్న లోకలైజర్ (దిగే విమానానికి రన్‌వే మధ్యరేఖను సూచించే రేడియో పరికరం) యాంటెనా కాంక్రీటు నిర్మాణానికి కుడి రెక్క తగిలింది. ఆ తర్వాత విమానం లోయలో పడి మంటల్లో చిక్కుకుంది. 158 మంది చనిపోయారు. ప్రధాన తప్పిదం కమాండర్‌దేనని దర్యాప్తు తేల్చింది. అయినా విమానం అదుపు తప్పి వచ్చే అవకాశమున్న చోట కాంక్రీటు ఎందుకుంది అన్న ప్రశ్న మిగిలింది. 2024 డిసెంబర్ 29న దక్షిణ కొరియాలోని మువాన్‌లో 179 మందిని బలిగొన్న ప్రమాదంలోనూ విమానం ఢీకొన్నది లోకలైజర్ కింది కాంక్రీటు దిమ్మెనే.

రన్‌వే ముగిశాక 60 మీటర్ల వరకు స్ట్రిప్, అంటే రన్‌వే చుట్టూ రక్షణగా వదిలే నేల, ఉంటుంది. స్ట్రిప్ అంచు నుంచి మరో 240 మీటర్ల లోపు, విమానానికి ప్రమాదకరమయ్యే పరికరం ఏదున్నా తగిలితే విరిగిపోయేలా ఉండాలని అంతర్జాతీయ నిబంధన. అంటే రన్‌వే కొస నుంచి 300 మీటర్లు. కొలత ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని తనిఖీ అధికారి ఆ దిమ్మె పక్కనే నిలబడి కూడా ‘సరిగానే ఉంది’ అని రాసేయగలడు. శిక్షణ అవసరం ఇక్కడే తెలుస్తుంది.

అంతర్జాతీయ విమానయాన ఒప్పందంలో విమానాశ్రయాల ప్రమాణాలు చెప్పే 14వ అనుబంధాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1951లోనే ఆమోదించింది. కానీ వాటిని పాటిస్తున్నారని ఎవరు ధ్రువీకరించాలి? చాలా దేశాల్లో విమానాశ్రయం ప్రభుత్వానిదే, తనిఖీ చేసేదీ ప్రభుత్వమే. అందుకే ఆ ప్రశ్న అర్ధ శతాబ్దం పాటు పక్కనే ఉండిపోయింది. మన దేశంలో 1999లో కొచ్చి, 2008లో శంషాబాద్, బెంగళూరు వంటి ప్రైవేటు భాగస్వామ్య విమానాశ్రయాలు వచ్చాయి. నడిపేవారు వేరు, నియంత్రించేవారు వేరు కావడం మొదలైంది. ఈలోగా అంతర్జాతీయ విమానాలు దిగే ప్రతి విమానాశ్రయానికీ ధ్రువీకరణ ఉండాలన్న నిబంధన 2003 నవంబర్ 27 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక్కసారిగా ప్రపంచమంతటా తనిఖీ అధికారులు కావలసి వచ్చారు.

వారిని ఎక్కడి నుంచి తేవాలి? రన్‌వేల గురించి తెలిసినవారు విమానాశ్రయాలను నడిపే సంస్థల్లోనే ఉంటారు. నిన్నటి సహోద్యోగి పనిలో ఇవాళ లోపం ఎత్తిచూపడానికి సాంకేతిక జ్ఞానం ఒక్కటే చాలదు. అందుకే నిబంధనలు నేర్పడంతో శిక్షణ ఆగదు. ఆధారం చూపి లోపం ఎలా నమోదు చేయాలో, సరిదిద్దడానికి ఎంత గడువు ఇవ్వాలో, గడువు దాటితే ఏం చేయాలో నేర్పుతారు. తర్వాత అనుభవజ్ఞుల వెంట క్షేత్రంలో తిప్పుతారు. రన్‌వేపై పేరుకున్న టైరు రబ్బరును కంటితో చూసి వదిలేయకూడదు. నీరు చిమ్ముకుంటూ పరుగెత్తే యంత్రంతో ఘర్షణ (టైర్లకు దొరికే పట్టు) కొలిచారా, ఆ లెక్కలు ఏం చెబుతున్నాయి అని అడగాలి. అగ్నిమాపక వాహనం మూడు నిమిషాల్లోపు రన్‌వే ఏ మూలకైనా చేరాలని రాసి ఉంటే, అలారం మోగించి గడియారం పెట్టి చూడాలి.

2019 జులైలో కోజికోడ్‌లో రన్‌వే పగుళ్లు, నిలిచిన నీరు, అధిక రబ్బరు కనిపించాయని మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ అయిన డైరెక్టరేట్ (డీజీసీఏ) అక్కడి డైరెక్టర్‌కు నోటీసు ఇచ్చింది. 2020 ఆగస్టు 7న అదే విమానాశ్రయంలో జరిగిన ప్రమాదంలో 21 మంది చనిపోయారు. దానికి పైలట్ నిర్ణయాలనే కారణంగా నివేదిక చూపింది కాబట్టి రెంటినీ ముడిపెట్టడం న్యాయం కాదు. కానీ ఆ నోటీసు చూస్తే, శిక్షణ పొందిన కన్ను ఏం పట్టుకోగలదో అర్థమవుతుంది.

మన నియంత్రణ వ్యవస్థకు గట్టి దెబ్బ 2014 జనవరిలో తగిలింది. ప్రధానంగా విమానాలు నడిపే తీరును పర్యవేక్షించే పూర్తికాలపు అధికారుల కొరత వల్ల అమెరికా మన దేశాన్ని భద్రతా పర్యవేక్షణలో రెండో కేటగిరీకి, అంటే అంతర్జాతీయ ప్రమాణాలు అందుకోని దేశాల జాబితాకు, దించింది. 2015 ఏప్రిల్‌లో తిరిగి మొదటి కేటగిరీ వచ్చింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2018లో చేసిన భద్రతా పర్యవేక్షణ ఆడిట్‌లో 57.44 శాతంగా ఉన్న మన స్కోరు 2022లో 85.65కు పెరిగింది. ఈ ఆడిట్లు లైసెన్సుల సంఖ్యనే కాదు, అర్హులైన సిబ్బంది ఉన్నారా, వారికి శిక్షణ అందిందా అని కూడా అడుగుతాయి.

విమానాశ్రయాలు మాత్రం ఆగకుండా పెరుగుతున్నాయి. 2021లో లైసెన్సు పొందిన కర్నూలు జిల్లా ఓర్వకల్లు వంటి చిన్నవాటికీ పెద్ద నగరాల వాటిలాగే తనిఖీలు జరగాలి. డీజీసీఏలో మంజూరైన 1,063 పోస్టుల్లో 553 మాత్రమే భర్తీ అయ్యాయని 2025లో పార్లమెంటు స్థాయీ సంఘం ఎత్తిచూపింది. ఈ ఖాళీలను ఇవాళే నింపినా, కొత్తగా చేరినవారు శిక్షణ ముగించి సొంతంగా తనిఖీ నివేదికపై సంతకం చేసే స్థాయికి రావడానికి సమయం పడుతుంది.