గుప్పిట్లో ఇమిడే ఎలుక

తెనాలి,
ఆదివారం

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయింది. బుజ్జి చెక్కిన సబ్బు కుందేలు కిటికీ గూట్లో అలాగే ఉంది, పక్కనే విరిగిన రెండు చెవులూ. పాపం రెండు గంటలు కదలకుండా కూర్చుని చెక్కాడు. తీరా అయిపోయిందనుకునేసరికి చేతిలోంచి జారి చెవులు పుటుక్కున విరిగాయి. వాడి మొహం చూసి నాకే ఏడుపొచ్చింది. ఆ రోజు ఒక సంగతి చెబుదామనుకున్నాను, ఈలోగా మీ బస్సు టైమైపోయింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మన షోకేసులో మీ మావయ్య జపాన్ నుంచి తెచ్చిన చెక్క ఎలుక ఉంది కదా. చిన్ని దాన్ని తిరగేసి చూసి, "అమ్మమ్మా, దీని పొట్ట కింద రెండు కన్నాలెందుకు?" అని అడిగింది. చాలామంది పెద్దవాళ్ళు కూడా దాన్ని తిరగేసి చూడరు తల్లీ. నువ్వు చూశావు, నాకు ఎంత సంతోషమేసిందో!

దాన్ని నెట్సుకే అంటారు. జపాన్ వాళ్ళు పలికేటప్పుడు మధ్యలో 'సు'ని సగం మింగేసి 'నెట్స్‌కే' అన్నట్టుగా అంటారు. 'నె' అంటే చెట్టు వేరు, 'త్సుకే' అంటే తగిలించేది. చూడ్డానికి బొమ్మే కానీ, అది ఒక పనిముట్టు.

మా నాయనమ్మ చిల్లర సంచి బొడ్లో దోపుకునేది. మా తాత పొడుం డబ్బీ రొంటిన ఉండేది. జేబుల్లేని బట్టలు కట్టుకునేవాళ్ళు ఎవరైనా ఏదో ఒక ఉపాయం చూసుకోవాల్సిందే. జపాన్ వాళ్ళ కిమోనోకీ జేబుల్లేవు. ఆడవాళ్ళు చిన్న చిన్న వస్తువులు కిమోనో పొడుగు చేతుల్లోనో, నడుముకు చుట్టుకునే ఒబీ మడతల్లోనో పెట్టుకునేవాళ్ళు. మగవాళ్ళు మాత్రం డబ్బు సంచి, పొగాకు సంచి, మందుల పెట్టె ఒక తాడుకు కట్టి ఒబీకి వేలాడదీసుకునేవాళ్ళు. ఆ మందుల పెట్టెని ఇన్‌రో అంటారు. మన టిఫిన్ క్యారేజీలాగే ఒకదాని మీద ఒకటి కూర్చునే అరలు ఉంటాయి, కాకపోతే మొత్తం కలిపి అరచేతి అంత.

మరి తాడు జారిపోకుండా ఎలా? తాడుని ఒబీ వెనక నుంచి పైకి లాగి, పై కొసకు ఒక బిరడా లాంటిది తగిలిస్తే, అది ఒబీ అంచు మీద ఆగిపోతుంది. ఆ బిరడానే నెట్సుకే. తాడు మధ్యలో ఒజిమె అనే ఒక పూస కూడా ఉంటుంది. దాన్ని కిందికి జరిపితే ఇన్‌రో అరలు బిగుసుకుంటాయి, పైకి జరిపితే వదులై మూత తీసుకోవచ్చు. చిన్ని అడిగిన రెండు కన్నాలు ఆ తాడు దూరడానికే. వాటిని హిమోతోషి అంటారు. మన ఎలుకకి చూడు, ఒక కన్నం చిన్నది, ఒకటి పెద్దది. తాడు కొసలు ముడి వేసి, ఆ ముడిని పెద్ద కన్నంలోకి లాగేస్తే బయటికి కనిపించదు.

ఇదంతా జపాన్ చరిత్రలో ఎడో అనే యుగంలో, అంటే 1603 నుంచి 1868 వరకు, బాగా సాగింది. మొదట్లో ఏ చెట్టు వేరు ముక్కో, గవ్వో, చిన్న సొరకాయ బుర్రో కట్టుకునేవాళ్ళట. తర్వాత ఊళ్ళలో వర్తకుల దగ్గర డబ్బు చేరింది. వాళ్ళు ఎంత ఖరీదైన బట్టలు కట్టుకోవచ్చో ప్రభుత్వం కట్టడి చేసింది. దాంతో వాళ్ళ సరదా అంతా ఇలాంటి చిన్న వస్తువుల మీదికి మళ్ళింది. బిరడా కాస్తా బొమ్మైంది.

బుజ్జీ, ఇప్పుడు నీ కుందేలు దగ్గరికి వస్తాను. నెట్సుకే చెక్కే మనిషికి ఎన్ని షరతులో చూడు. సాధారణంగా మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు దాటకూడదు. ఎక్కడా మొనలు పొడుచుకు రాకూడదు, వస్తే పట్టుబట్ట దారం లాగేస్తుంది. రోజంతా తాడు లాగుతూ ఉంటుంది కాబట్టి కన్నాల దగ్గర మందం తగ్గకూడదు. గోడకీ తలుపుకీ తగిలినా విరగకూడదు. వేలాడుతున్నప్పుడు బొమ్మ మొహం బయటివైపుకే తిరిగి ఉండాలి. ఎటు పెట్టినా నిలబడితే ఇంకా మంచిది. ఇన్ని షరతుల మధ్య ప్రాణం ఉన్నట్టు కనిపించాలి.

అందుకే వాళ్ళు కుందేలు చెక్కితే చెవులు వెనక్కి వాల్చి వీపుకు ఆనించేస్తారు. గుర్రం అయితే నాలుగు కాళ్ళూ ఒక్కచోటికి తెచ్చి, తల దించుతారు. మన ఎలుకని మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. ఇది రాసేముందు దాన్ని తీసి బల్ల మీద పెట్టుకున్నాను. ముందు కాళ్ళతో తన తోకనే పట్టుకుంది. ఆ తోక పొట్ట కిందుగా వెళ్ళి, పెద్ద కన్నం చుట్టూ తిరిగి, మళ్ళీ వీపు మీదికి వచ్చి ఆగింది. అంటే తాడు ఎక్కువగా లాగే చోట తోకే అదనపు మందం ఇస్తోంది! చెవులు రెండూ తలకు అతుక్కుని ఉన్నాయి. కళ్ళు నల్లటి కొమ్ము ముక్కలు, ఆవగింజంత ఉంటాయి, విడిగా చేసి పొదిగారు. కిందికి తిప్పితే పాదాల మెత్తలు కూడా చెక్కి ఉన్నాయి. ఒబీకి ఆనుకుని ఉండే ఆ వైపు ఎవరికీ కనిపించదు. అయినా అంత శ్రద్ధగా చెక్కారు. నాకు ఈ బొమ్మలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ పాదాలే.

ఇక దేనితో చేస్తారో చెబుతాను. ఎక్కువగా వాడేది త్సుగె అనే చెట్టు కర్ర. మన ఎలుక కూడా అదే. ఆ చెట్టు చాలా నెమ్మదిగా పెరుగుతుంది, అందుకే కర్ర గట్టిగా, పీచు కనిపించనంత నున్నగా ఉంటుంది. ఎలుక మీసం అంత సన్నటి గీత గీసినా అంచు చిట్లదు. దువ్వెనలు, షోగి అనే వాళ్ళ చదరంగం పావులు కూడా దానితోనే చేస్తారు. కొత్తలో లేత పసుపు రంగు, చేతులు తగిలే కొద్దీ తేనె రంగుకు తిరుగుతుంది.

హిద తకయామా అనే కొండల ఊళ్ళో మాత్రం ఇచీ అనే చెట్టు కర్ర వాడతారు. దానికి లోపల ఎర్రటి చేవ, బయట తెల్లటి పొర. 1800లో పుట్టిన మత్సుదా సుకెనగా అనే శిల్పి ఆ రెండు రంగుల్నే వాడుకుని, రంగు వేయకుండా, కత్తి దెబ్బలు అలాగే కనిపించేలా చెక్కాడు. ఆ పద్ధతి అక్కడ ఇప్పటికీ సాగుతోంది.

అడవి పంది కోర కథ నాకు చాలా ఇష్టం. ఇవామి అని జపాన్ పశ్చిమ తీరంలో ఒక ప్రాంతం, ఇప్పటి షిమానెలో ఒక భాగం. సెయియోదో తొమిహారు (1733–1810) అనే శిల్పి అక్కడ అడవి పంది కోరల మీద చెక్కేవాడు. కోర సన్నగా వంపు తిరిగి ఉంటుంది, దాని మీద బొమ్మకి చోటెక్కడిది? అందుకని ఆ వంపు మీదే పాకుతున్న సాలీడునో, జెర్రినో చెక్కేవాళ్ళు. పక్కనే వెంట్రుకంత సన్నటి అక్షరాలతో పేరు, ఊరు, రాసుకునేవాళ్ళు. ఆయన కూతురు బున్‌షోజో (1764–1838) కూడా తండ్రి దగ్గరే నేర్చుకుని పెద్ద పేరు తెచ్చుకుంది. ఆ రోజుల్లో ఈ పనిలో ఆడవాళ్ళు దాదాపు లేరు. చిన్నీ, ఆ పేరు గుర్తుపెట్టుకో.

దుప్పి కొమ్ము, రకరకాల గింజలు, లక్కలాంటి చెట్టు జిగురు, పింగాణీ, లోహం కూడా వాడారు. దుప్పి కొమ్ము మధ్యలో స్పంజిలా చిల్లులుంటాయి. నేర్పున్నవాడు ఆ చిల్లుల్ని దాచడు, వాటినే బొమ్మలో కలిపేసుకుంటాడు.

ఏనుగు దంతం సంగతి విడిగా చెప్పాలి. పాత నెట్సుకేల్లో గొప్పవి చాలా దంతపువే. జపాన్‌లో ఏనుగులు లేవు, దంతం బయటి దేశాల నుంచి వచ్చేది. అక్కడ షామిసెన్ అని మూడు తీగల వాయిద్యం ఉంది. దాన్ని మీటే పెద్ద పలకని దంతంతో చేసేవాళ్ళు. అవి కోయగా మిగిలిన మూల ముక్కలు నెట్సుకే శిల్పులకు వచ్చేవి, అందుకే పాత దంతపు నెట్సుకేలు కొన్ని మూడు మూలలుగా ఉంటాయి. అదే షామిసెన్ మెడకు మేలైన కర్ర ఏదో తెలుసా? మన శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనం! మనం తిరుపతి వెళ్ళినప్పుడు దారి పొడుగునా చూసిన కొండలే అవి.

కానీ ఏనుగు దంతంలో మూడో వంతు దాకా దాని పుర్రెలోనే ఉంటుంది. పూర్తిగా తీసుకోవాలంటే ఏనుగు చావాల్సిందే. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో టిప్పు సుల్తాన్ దంతపు కుర్చీలు చూసి మీరిద్దరూ నోరెళ్ళబెట్టారు. పనితనం గొప్పదే, నేను కాదనను. అయినా అలాంటివి చూసిన ప్రతిసారీ నాకు ఆ ఏనుగే గుర్తొస్తుంది. 1989లో అంతర్జాతీయ దంతం వ్యాపారాన్ని నిషేధించాలని చాలా దేశాలు కూర్చుని నిర్ణయించాయి. మన దేశంలో అంతకు ముందే, 1986లో, చట్టం గట్టిపడింది. ఇప్పటి శిల్పులు కర్ర, కొమ్ము, మంచులో దొరికిన మామత్ (ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగు జాతి) దంతం వాడుతున్నారు. మీరు పెద్దయ్యాక ఎవరైనా దంతపు బొమ్మ అమ్మజూపితే కొనకండి. ఇది అమ్మమ్మ మాట.

చెక్కడం అయ్యాక నునుపు చేయడం ఇంకో పెద్ద పని. మనం ఉప్పుకాగితం వాడినట్టు, వాళ్ళు తొకుసా అనే గరుకు కాడతో రుద్దుతారు. ఆ తర్వాత ముకు చెట్టు ఆకులు, చివరికి కొమ్ము పొడి. యషబుషి కాయలు ఉడికించిన కషాయంలో ముంచితే గోధుమ రంగు పడుతుంది. ఆఖరున ఒక రకం పురుగు చేసే మైనం పూసి మెరుగు పెడతారు.

మీరిద్దరూ కళ్ళు పెద్దవి చేసుకునే సంగతి ఇంకోటుంది. కప్ప వీపు మీద బుడిపెలు ఎలా వస్తాయనుకుంటున్నారు? ఒక్కో బుడిపె చుట్టూ చెక్కుకుంటూ పోతే ఎప్పటికి తెమలాలి? వాళ్ళు చేసేది ఇది. మొద్దు మొనతో కర్రని నొక్కి చిన్న చిన్న గుంటలు పెడతారు. తర్వాత ఆ గుంటల అడుగు దాకా పైన కర్రనంతా చెక్కేస్తారు. ఇప్పుడు గుంటలు కనిపించవు, అంతా చదునే. అప్పుడు వేడి నీళ్ళు పెడతారు. నొక్కుకుపోయిన కర్ర నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, గుంట ఉన్నచోటల్లా బుడిపె లేస్తుంది! దీన్ని ఉకిబోరి అంటారు. కొందరు తమ పేరుని కూడా ఇలాగే ఉబ్బెత్తుగా లేపేవాళ్ళు. మొదటిసారి ఇది తెలిసినప్పుడు నేను రాత్రి చాలాసేపు దాని గురించే ఆలోచిస్తూ పడుకున్నాను.

ఏమేం బొమ్మలు చేసేవాళ్ళంటే చేయనిది లేదు. పన్నెండేళ్ళ చక్రంలో వచ్చే జంతువులు, నీళ్ళలో ఉండే కప్ప అనే అల్లరి భూతం (పేరు మన కప్పలాగే ఉంది కానీ అది వేరు), కథల్లోని పిచ్చుకలు, నిద్రపోతున్న జాలరి. మనకు చుట్టాలు కూడా ఉన్నారు అందులో. వాళ్ళ ఏడుగురు అదృష్ట దేవతల్లో వాయిద్యం పట్టుకున్న బెంజైతెన్ మన సరస్వతే. బియ్యం బస్తాల మీద నిలబడే దైకొకు, మహాకాలుడి పేరుతో బౌద్ధం వెంట అక్కడికి వెళ్ళినవాడు. ఆయన వెంట ఎప్పుడూ ఎలుకలుంటాయి. దరుమ అని గుండ్రంగా ముడుచుకుని కూర్చునే బొమ్మ మన దక్షిణాది నుంచి వెళ్ళాడని చెప్పుకునే బోధిధర్ముడు. తొమ్మిదేళ్ళు గోడ వైపు చూస్తూ ధ్యానం చేశాడని కథ. ఆయన ఆవులిస్తున్నట్టు చెక్కిన నెట్సుకేలు ఉన్నాయి, చూస్తే మనకీ ఆవులింత వస్తుంది.

1781లో ఒసాకాలో అచ్చయిన సోకెన్ కిషో అనే పుస్తకంలో 50 మందికి పైగా నెట్సుకే శిల్పుల వివరాలున్నాయి. అందులో క్యోటో శిల్పి తొమొతదా ఉన్నాడు. ఆయన ఎడ్లు, ఆవులు ఎంత బాగా చెక్కేవాడంటే, అప్పటికే వాటికి బోలెడు నకళ్ళు పుట్టుకొచ్చాయి.

1868 తర్వాత జపాన్‌లో కోటు, ప్యాంటు వచ్చాయి. ప్యాంటుకి జేబు ఉంది. పొగాకు పీల్చే గొట్టం, పొగాకు సంచి పోయి సిగరెట్లు వచ్చాయి. ఇక నెట్సుకే ఎవరికి కావాలి? యూరప్, అమెరికా వాళ్ళు బుట్టలకొద్దీ కొనుక్కుపోయారు. అందుకే ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, లాస్ ఏంజెలెస్ మ్యూజియంలో అవి అన్ని ఉన్నాయి. క్యోటోలో ఒక పాత సమురాయ్ యోధుడి ఇంట్లో 2007లో నెట్సుకేలకే ఒక మ్యూజియం తెరిచారు. ఇప్పటి శిల్పుల పనికి అక్కడ పెద్ద పీట వేస్తారు.

పాత నెట్సుకేల్లో మనుషులు ఎక్కువ తడిమిన చోట గీతలు అరిగి నున్నగా మెరుస్తాయి. కన్నాల అంచులు తాడు రాపిడికి కరిగిపోయి ఉంటాయి. ఆ అరుగుదలని 'నరె' అంటారు, చూసేవాళ్ళు దానికి ఎంతో విలువ ఇస్తారు. మన ఎలుక కొత్తదే కాబట్టి దానికి నరె లేదు. అందుకే ఇవాళ్టి నుంచి దాన్ని షోకేసులోంచి తీసి తాళంచెవుల గుత్తికి కట్టుకున్నాను. ఈసారి వచ్చినప్పుడు ఎంత అరిగిందో మీరే చూడండి.

బుజ్జీ, రెండు సబ్బులు కొని ఉంచాను. ముందు కాగితం మీద కుందేల్ని నాలుగు వైపుల నుంచీ గీయి, అడుగు వైపు కూడా. చెవులు వీపుకు ఆనించు. కాళ్ళు పొట్ట కిందికి ముడిచెయ్. కన్నాలు ఎక్కడ వస్తాయో మొదటే గుర్తుపెట్టుకుని, అక్కడ మందం వదులు. చిన్నీ, నువ్వు ఎండిన ఈతపిక్క ఒకటి దాచుకో, దాని మీద నీళ్ళతో బుడిపెలు లేస్తాయో లేవో చూద్దాం. నాకూ తెలుసుకోవాలని ఉంది.

దసరా సెలవులు ఎప్పటి నుంచో అమ్మని అడిగి రాయండి.

మీ
అమ్మమ్మ